బామ్మర్ది క్యాప్సికం

లిఫ్టులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఊరూరా తిరుగుతాను. ఏ ఆఫీసులో ఏ లిఫ్టు తాడు ఎంత అరిగిందో కాగితం చూడకుండా చెప్పగలను. ఆ ఆఫీసు పక్కనున్న పబ్బులో శాకాహారికి ఏం పెడతారో ఇంకా కచ్చితంగా చెప్పగలను. పెద్ద భవనాల చుట్టుపక్కల మధ్యాహ్నం వేళ తెరిచి ఉండేవి పబ్బులే కాబట్టి, ఇరవై రెండేళ్ళ సర్వీసులో సగం భోజనాలు వాటిలోనే చేశాను. ఈ విషయంలో నాకున్న కోపం నిన్నామొన్న పుట్టింది కాదు.

మెనూ తీస్తే మాంసానికి రెండు పేజీలు, చేపలకి ఒక పేజీ. ఆఖర్న, ఐస్‌క్రీములకి కాస్త పైన, చిన్న ఆకుపచ్చ ఆకు బొమ్మ. దాని పక్కన ఒకే ఒక్క పదార్థం. పోనీ అదైనా ఉంటుందా అంటే, "అయిపోయింది సార్. సూపు తెమ్మంటారా?" అంటాడు. ఏం సూపు బాబూ అంటే, "చికెన్ సూపే సార్, ముక్కలు తీసేసి ఇస్తాం" అంటాడు. అదేదో నా మీద దయ తలచినట్టు! ఒకచోట పక్క టేబులు వాళ్ళ వేపుడు కోడి కింద పరిచిన ఆకులే నాకు భోజనంగా వచ్చాయి. కోడి లేదు, అంతే తేడా. ఇంకోచోట కూరగాయల బర్గర్ అడిగితే రెండు బన్నుల మధ్య ఒక టమాటా చక్రం పెట్టి తెచ్చాడు. మాంసం తిననివాడికి ఆకలి కూడా వేయదని వీళ్ళకి ఎవరు చెప్పారో నాకు తెలీదు.

నేను ఊరుకునే రకం కాదు. వంటాయన్ని బయటికి పిలిపించి మొహం మీదే చెప్పేస్తాను. లిఫ్టు బాగాలేకపోతే బాగాలేదని రాసి, తలుపు మీద ఎర్ర కాగితం అంటించి వచ్చే మనిషిని, క్యారెట్టు ఉడకలేదని చెప్పడానికి మొహమాటం దేనికి? ఈ నోటి దురుసు భరించలేక మా ఆవిడ నాతో బయట భోజనానికి రావడమే మానుకుంది.

అలాంటి నేను పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒకే పబ్బులో, ఒకే కుర్చీలో కూర్చుని, నా జీవితంలో తిన్నవాటన్నిటిలోకీ అధ్వాన్నమైన పదార్థం ఒకటి తిని, "బ్రహ్మాండం బావా" అంటూ వచ్చాను.

బావంటే మా అక్క మొగుడు. సరిగ్గా చెప్పాలంటే మాజీ మొగుడు. పదకొండేళ్ళ కిందట అక్క ఆయన్ని వదిలేసి వెళ్ళిపోయింది. పెద్ద గొడవలేం జరగలేదు. ఇద్దరూ మంచివాళ్ళే, ఒక ఇంట్లో ఇమడలేకపోయారు. ఇప్పుడు అక్క వేరే ఊళ్ళో, వేరే మనిషితో హాయిగా ఉంది. అక్క వదిలేసింది గానీ నేను వదల్లేదు. నాకు సైకిలు నేర్పింది బావ. మొదటి ఇంటర్వ్యూకి తన మంచి చొక్కా ఇచ్చి, చేతులు పొడుగయ్యాయని తనే మడిచి పంపింది బావ. విడాకుల కాగితాల్లో నా పేరెక్కడా లేదు కదా అనుకున్నాను.

అక్క వెళ్ళిన వారమే ఆదివారం పబ్బుకి వెళ్ళాను. కింద పబ్బు, పైన ఇల్లు. అంతకుముందు నేనెప్పుడొచ్చినా అక్క పైనించి నాకేదో ఒకటి వండి తెచ్చేది. ఆ రోజు పైన ఎవరూ లేరు. బావ వంటగదిలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"కూర్చోరా, నీకోసం ఒకటి చేశా," అని ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు.

ఒక ఆకుపచ్చ క్యాప్సికం. తల కోసి, లోపల అన్నం, మొక్కజొన్న గింజలు, టమాటా సాసు కూరి, పైన చీజు కప్పి ఓవెన్లో పెట్టాడు. బయట పచ్చి. లోపల జావ. నడిమధ్యలో ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినంత చల్లదనం. పైన చీజు మాత్రం నోరు కాలేంత వేడి. ఒకే పదార్థంలో ఇన్ని తప్పులు చేయడానికి కూడా ఏదో నేర్పు కావాలి. మొదటి ముద్ద గొంతు దిగలేదు. తలెత్తి చూశాను. బావ చేతులు నలుపుకుంటూ, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడిలా నన్నే చూస్తున్నాడు. ఆ మొహం చూశాక ఎర్ర కాగితం ఎలా అంటిస్తాను?

"బ్రహ్మాండం బావా," అన్నాను.

ఆ వారం మొత్తంలో ఆయన నవ్వింది అప్పుడేనేమో. మరుసటి ఆదివారానికి గోడ మీది మెనూ పలకపై, తెల్ల సుద్దతో, గుండ్రటి అక్షరాల్లో "బామ్మర్ది క్యాప్సికం" అని వెలిసింది.

ఇక అక్కణ్ణించి నేను ఇరుక్కుపోయాను. బావ మంచి వంటగాడే. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్పూను ఉంటుంది. ఏ గిన్నె దగ్గరికి వెళ్ళినా స్పూను తీసి రుచి చూడనిదే బయటికి పంపడు. ఈ క్యాప్సికం ఒక్కటే చూడడు. కోస్తే ఆకారం పోతుందంటాడు, పైగా ఆ వాసన తనకి పడదు. "దీనికి నువ్వున్నావుగా. నీకు మించిన పరీక్షేముందిరా?" అంటాడు.

తప్పు నాదే. వారమంతా ఊళ్ళు తిరిగి, తిన్న పబ్బులన్నిటినీ ఆదివారం బావ ముందు కూర్చుని ఏకరువు పెట్టేవాణ్ణి. కోడి లేని కోడి సూపు, బన్నులో టమాటా చక్రం, అన్నీ. బావ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఊళ్ళో ఉన్న వంటవాళ్ళందరినీ తిట్టేవాడు నా వంటని మెచ్చుకుంటున్నాడంటే ఇక తిరుగేముందని ఆయన లెక్క. నేను బయట ఎంత తిడితే ఇక్కడ క్యాప్సికం పరువు అంత పెరిగింది. ఎవరైనా దాన్ని తెప్పించుకుని సగం వదిలేస్తే, "రుచి తెలీనివాళ్ళు" అని జాలిపడేవాడు.

నేను మాత్రం తినడంలో ఆరితేరాను. ముందు చీజు ఎత్తి పక్కన పెట్టాలి. అన్నం ముద్దల్ని బీరుతో మింగాలి. పచ్చి తొక్కని సన్నగా కోసి ఆకుల కింద సర్దేయాలి. నడుమనడుమ "అబ్బ" అనాలి. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ రెండో భోజనం సిద్ధంగా ఉంచేది. "అన్నయ్యగారికి ఒక్కసారి నిజం చెప్పేస్తే పోతుంది కదండీ," అనేది. "చెప్తా, వచ్చే వారం చెప్తా," అనేవాణ్ణి. ఎన్ని వచ్చే వారాలు గడిచాయో!

పోయిన నెలలో బావ పబ్బుకి ఎదురుగా ఎనిమిది అంతస్తుల భవనం ఒకటి తయారైంది. దాని లిఫ్టులు చూసింది కూడా నేనే. అందులోకి ఒక బీమా కంపెనీ వచ్చింది. రెండొందల మంది ఉద్యోగులు, లోపల క్యాంటీను లేదు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి బావ గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఆ కంపెనీ మేనేజరమ్మ వచ్చే ఆదివారం భోజనానికి వస్తోంది. నచ్చితే వాళ్ళ మధ్యాహ్నం భోజనాలన్నీ మన దగ్గరే. వాళ్ళలో సగం మందికి పైగా శాకాహారులట. ఆవిడ కూడా!"

"ఓహో," అన్నాను.

"పగలంతా కుర్చీలు బల్లల మీద ఎక్కించి కూర్చుంటున్నానురా. పొద్దుట లేస్తే సాయంత్రం దాకా మాట్లాడే మనిషి ఉండడు. ఇది గనక కుదిరితే పగలు కూడా మనుషుల మొహాలు చూడొచ్చు." బావ నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వేం చెయ్యక్కర్లేదు. ఆవిడ పక్కన కూర్చుని నీ క్యాప్సికం నువ్వు తిను, చాలు. నువ్వు తినేది చూస్తే ఎవరికైనా నోరూరుతుంది."

ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పకపోతే ఆవిడ ఆ క్యాప్సికం తింటుంది, బావ నమ్ముకున్నది మొత్తం ఒక్క ముద్దతో పోతుంది. చెప్తే, పదకొండేళ్ళు మొహం మీద నవ్వుతూ మోసం చేశానని తెలుస్తుంది. అక్క పోయింది, బామ్మర్ది కూడా ఇంతేనా అనుకుంటాడు. పబ్బు సంగతి ఎలా ఉన్నా, బావ నాకు దూరమైపోతాడేమోనని భయమేసింది.

అక్కకి ఫోన్ చేశాను. విషయమంతా విని పకపకా నవ్వింది.

"అక్కా, నవ్వకే. పీకలమీదికొచ్చింది."

"ఇరవయ్యేళ్ళు నేను ఆయనకి నిజాలు తప్ప ఇంకోటి చెప్పలేదురా. ఒక్కటీ చెవికెక్కలేదు. నోటితో చెప్తే ఆయనకి వినపడదు. ఇంకేదైనా దారి చూడు," అంది. మళ్ళీ తనే, "ఇంకా వెళ్తున్నావా ప్రతివారం? మంచిపని చేస్తున్నావు," అంది.

బుధవారం పని ముగించుకుని చెప్పేద్దామని వెళ్ళాను. బావ కుర్చీలకి రంగు వేస్తున్నాడు. ముక్కు మీద నీలం చుక్క, నోట్లో కూనిరాగం. నన్ను చూసి, "ఈ రంగు బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. అది నిజమే. మిగతాది నోట్లోనే నమిలి మింగేసి ఇంటికొచ్చాను.

ఆదివారం పదింటికే వంటగదిలో ఉన్నాను. బావ ఓవెన్లోంచి ఒక క్యాప్సికం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నమూనా. ఎలా ఉందో చూడు," అన్నాడు. నోరు తెరిచాను. నోటితో చెప్తే వినపడదన్న అక్క మాట గుర్తొచ్చింది. నా సంచీలో రోజూ ఉండే తనిఖీ ఫారాలు కనపడ్డాయి. ఒకటి తీశాను. పెన్ను పట్టుకోగానే, ఏమిటో, మొహమాటం పోయింది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఫారం మీద నేనొక్క అబద్ధం రాయలేదు.

పరికరం: క్యాప్సికం, కూరినది, ఒకటి.
బయటి గోడ: పచ్చిగా ఉన్నది.
లోపలి భాగం: ముద్ద. ఉప్పు లేదు.
నడిమి భాగం: చల్లగా ఉన్నది.
పైకప్పు: చీజు. సాగును, తెగదు.
లోపం ఎప్పటినుంచి: మొదటిరోజు నుంచి.

ఫారంలో చివరికి ఒక గడి ఉంటుంది. లోపాలు పాతవైతే, మునుపటి తనిఖీలలో ఎందుకు నమోదు కాలేదో అక్కడ కారణం రాయాలి. "తనిఖీదారు అబద్ధం చెప్పాడు" అని రాశాను. కింద "వాడరాదు" అని ముద్ర కొట్టి, సంతకం పెట్టి, బావ చేతికిచ్చాను.

బావ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, జేబులోంచి స్పూను తీశాడు. ఆ క్యాప్సికం నిలబడే తిన్నాడు. ఒక ముద్ద కాదు, మొత్తం. తొక్క కూడా వదల్లేదు. వద్దు బావా అందామనుకున్నాను, కానీ అనే హక్కు నాకుందనిపించలేదు. ఆఖరి ముక్క నమిలి మింగాక, "పదకొండేళ్ళు," అన్నాడు. అంతే. వెళ్ళి గోడ మీది పలక తుడిచేశాడు.

"బావా, నేను వెళ్ళనా?"

"కూర్చో," అన్నాడు. నా వైపు చూడలేదు.

ఒంటిగంటకి మేనేజరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో చిన్న నోటుబుక్కు. కూర్చుని ఖాళీ పలకని చూసింది. బావ ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మీకు పెట్టదగ్గ శాకాహారం ఈ పూట నా దగ్గర లేదు. ఉందనుకున్నాను. లేదని ఇందాకే తెలిసింది."

ఆవిడ బావ మొహంలోకి చూసి, మెల్లగా అడిగింది.

"ఏం పెడదామనుకున్నారు?"

"క్యాప్సికం."

"అన్నం కూరిందా?"

"అవునమ్మా."

ఆవిడ నోటుబుక్కు మూసేసి నవ్వింది. నిజంగా, మనసారా నవ్వింది. "ఈ నెలలో ఆరు పబ్బుల్లో తిన్నానండీ. ఆరింటిలోనూ అదే పెట్టారు. ఆరుగురూ అది తమ స్పెషల్ అన్నారు. లేదన్నది మీరే. సరే, ఇంత దూరం వచ్చాను, ఆకలేస్తోంది. మీ పబ్బు సెలవు రోజున మీరేం వండుకుంటారు?"

"నేనా?" బావ తడబడ్డాడు. "అదొక వంట కాదమ్మా. సోమవారం సెలవు, ఒక్కణ్ణే కదా, ఏదో పెనం మీద..."

"అదే పెట్టండి."

బావ లోపలికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. బంగాళాదుంపలు ఉడికించి, చేత్తోనే చిదిపి, పెనం మీద వెన్నలో ఎర్రగా కాల్చాడు. పక్కనే ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, దంచిన వెల్లుల్లి. నీళ్ళన్నీ ఇగిరిపోయి అంచులు మాడబోయే దాకా ఆగాడు. రెండు టమాటాలు, మిరియాలు, గుప్పెడు పచ్చి ఆకులు. అన్నీ కలిపి మూత పెట్టాడు. మూడుసార్లు స్పూను తీసి రుచి చూశాడు. వంటగదంతా కమ్మటి వాసన. నేను గుటకలు మింగుతూ నిలబడ్డాను. ప్రతి సోమవారం పబ్బు మూసుకుని ఈయన పైన కూర్చుని తినేది ఇదా!

మేనేజరమ్మ తినడం మొదలుపెట్టింది. ప్లేటు ఖాళీ అయ్యాక పక్కన పెట్టిన రొట్టె ముక్కతో అడుగు తుడుచుకుని తిన్నది. అప్పుడు నోటుబుక్కు తెరిచింది.

"రేపటి సోమవారం మీకు సెలవన్నమాట. మంగళవారం ముప్ఫై మందిని పంపిస్తాను. ఇది ఉంటుందా?"

"ఉంటుందమ్మా," అన్నాడు బావ. "దీంతో పాటు ఇంకో రెండు రకాలు నేర్చుకుంటాను."

ఆవిడ వెళ్ళాక పబ్బులో మేమిద్దరమే మిగిలాం. నీలం రంగు కుర్చీల మీద ఎండ పడుతోంది. బావ నాకు వీపు పెట్టి బల్ల తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు," అన్నాడు. "కావాలంటే ఫారం మీద రాసివ్వు."

"అడుగు బావా."

"అది అంత ఘోరంగా ఉంటే మరి ప్రతివారం ఎందుకొచ్చేవాడివిరా?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకేంటి? నువ్విక్కడున్నావు కదా," అన్నాను.

బావ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నేను క్యాప్సికం కోసమనుకున్నాను," అన్నాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాను, నవ్వట్లేదు. "మీ అక్క వెళ్ళిపోయింది. ఇక నీకూ నాకూ ఏముంది? ఆ వారం వచ్చావు, అది తిని బాగుందన్నావు. సరే, దీనికోసమైనా వస్తాడులే అనుకున్నా. అందుకే దాని మీద చెయ్యి వేయలేదు. ఉప్పు కూడా మార్చలేదు. మారిస్తే నీకు నచ్చక రావడం మానేస్తావేమోనని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన బాధపడతాడని నేను తిన్నాను, నేను రానేమోనని ఆయన వండాడు. ఆ పాడు పదార్థాన్ని మధ్యలో పెట్టుకుని ఇద్దరం పదకొండేళ్ళు కాపాడుకుంటూ వచ్చింది ఒకదాన్నే. ఇద్దరిలో ఒక్కడికైనా ఆ సంగతి తట్టలేదు.

బావ కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి, పెనంలో మిగిలింది ప్లేట్లో వేసి తెచ్చి నా ముందు పెట్టాడు. ఎదురుగా కూర్చోలేదు, అలవాటు ప్రకారం నిలబడే ఉన్నాడు. దుంపల అంచులు కరకరలాడుతున్నాయి. వెల్లుల్లి ఘాటు, వెన్న కమ్మదనం. నేను అబ్బ అనలేదు, బ్రహ్మాండం అనలేదు, తల కూడా ఎత్తలేదు. తినేశాను. ప్లేటు ఖాళీ అయ్యాక ముందుకు జరిపాను.

"ఇంకొంచెం పెట్టు బావా," అన్నాను.

ఆ బల్ల దగ్గర ఇన్నేళ్ళలో నేను మారు అడగడం అదే మొదటిసారి. బావ ఖాళీ ప్లేటు అందుకున్నాడు. లోపలికెళ్ళి, ఇంకో నాలుగు బంగాళాదుంపలు ఉడకేశాడు.